చివర వచ్చిన పిల్లవాడు

ప్రాథమిక పాఠశాలలో బెత్తం గురించి రాయటం మన సాహిత్య విమర్శకులకు చిన్నతనంగా తోస్తుంది. అది విద్యాశాఖ అధికారులు చూసుకోవలసిన వ్యవహారమని వారి వుద్దేశం. కాని మన ఆత్మకథల్లో, బాల్య స్మృతుల్లో, సన్మాన సంచికల్లో మాస్టారి దెబ్బలను తలుచుకుని మురిసిపోని పుస్తకం అరుదు. కొట్టిన చేతిని కళ్ళకద్దుకోవటం మన వచనంలో వొక సంప్రదాయమయి కూర్చుంది. ఆ సంప్రదాయాన్ని పెంచి పోషించింది సాహిత్యమే కాబట్టి, దాన్ని నిలదీయవలసిన బాధ్యత కూడా సాహిత్యానిదేనని నా వాదం.

మొన్న రాజమహేంద్రవరంలో జరిగిన వొక సభలో విశ్రాంత ప్రధానోపాధ్యాయులొకరు, తాము తిన్న దెబ్బలే తమను మనుషుల్ని చేశాయన్నారు. సభ చప్పట్లు కొట్టింది. వారి వయసును గౌరవిస్తాను. వాదాన్ని మాత్రం అంగీకరించలేను. యీ మాట చెప్పటానికి వేదిక యెక్కేవారందరూ బడిలో నిలదొక్కుకుని చదువు ముగించినవారే. దెబ్బలకు జడిసి మూడో తరగతిలోనే పలక పారేసి పశువుల వెంటా, ఇటుక బట్టీలకూ పోయినవాడు ఆత్మకథ రాయలేదు. అతనికి సన్మానసభ జరగలేదు. బతికి బట్టకట్టినవారి సాక్ష్యం వొక్కటే విని తీర్పు చెప్పటం యెక్కడి న్యాయం?

మరికొందరు మన పాత వీధిబడిని స్వర్ణయుగంగా వర్ణిస్తారు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాలవారీగా బడుల లెక్కలు అడిగాడు. రాజమహేంద్రవరం జిల్లా నుంచీ లెక్కలు వెళ్ళాయి. బళ్ళారి కలెక్టరు క్యాంబెల్, ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం రాసిన ఆ క్యాంబెలే, 1823లో వివరమైన నివేదిక పంపాడు. 1983లో ధరంపాల్ వెలువరించిన గ్రంథం వల్ల యీ కాగితాలకు తిరిగి ప్రాచుర్యం వచ్చింది. ఇంగ్లీషు పాలన బలపడకముందే వూరూరా చదువు వుండేదని చెప్పటానికి వీటిని చూపుతారు. చూపవలసిందే. పరాయి పాలన ఆ బడుల పొట్టగొట్టిందన్నదీ కాదనరాని సత్యమే.

అయితే అదే నివేదికలో మరొక భాగం వుంది. దాన్ని మన సంప్రదాయవాదులు తొందరగా దాటిపోతారు. పొద్దున అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడి చేతిలో సున్న చుట్టేవారు. మూడోవాడికి మెల్లగా వొక దెబ్బ, నాలుగోవాడికి రెండు. ఆ తరువాత వచ్చేవారికి వొక్కొక్క దెబ్బ పెంచుకుంటూ పోయేవారు. బద్ధకించిన పిల్లలను రెండు చేతులూ కట్టి పైకప్పుకు వేలాడదీసేవారని కూడా ఆయన రాశాడు. మన పెద్దలు నవ్వుతూ చెప్పుకునే కోదండం ఇదే.

యీ దెబ్బల లెక్కలో వున్న వర్గ స్వభావాన్ని గమనించాలి. అందరికన్నా యెక్కువ దెబ్బలు తినేది చివర వచ్చినవాడు. చివర వచ్చేది యెవరు? పేడకళ్ళు యెత్తి, నీళ్ళు మోసి, తల్లి కూలికి పోతే చంటిదాన్ని చంకనేసుకున్నవాడు. ఇల్లు బడికి దూరమయినవాడు. ముందు వచ్చేది యెవరు? యీ పనులన్నీ చెయ్యటానికి ఇంట్లో మరొకరు వున్నవాడు. అలాంటప్పుడు అరచేతిలో సరస్వతి పేరు పడటం పిల్లవాడి శ్రద్ధకు గుర్తు యెలా అవుతుంది? బెత్తం క్రమశిక్షణ నేర్పటం లేదు. ఇంటి పేదరికాన్ని లెక్కగట్టి పసివాడి చేతిమీద వసూలు చేస్తున్నది. ఇక అంటరానివారని వెలివేసిన కులాల పిల్లలకు ఆ వరుసలో చివరి చోటయినా లేకపోయింది. 1909లో ఇదే వూళ్ళో చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు వారికోసం రామమోహన ధర్మ పాఠశాల పెట్టవలసి వచ్చిందంటే కారణం అదే.

ఇదంతా గతమనీ, ఇప్పుడు చట్టం వచ్చిందనీ అంటారు. నిజమే. 2002లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విద్యా నియమాలలోని 122వ నియమాన్ని సవరించి బడిలో దండనను నిషేధించింది. అయిదేళ్ళ తరువాత, 2007లో, కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ వొక అధ్యయనాన్ని ప్రకటించింది. మన రాష్ట్రంతో సహా 13 రాష్ట్రాలలో విచారిస్తే, బడికి పోయే ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నామన్నారు. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం తన 17వ సెక్షనులో దెబ్బలనే కాక మానసిక వేధింపును కూడా నిషేధించింది. కాని అతిక్రమించినవారికి ఆ సెక్షను చూపేది సర్వీసు నియమాల కింద క్రమశిక్షణ చర్య మాత్రమే. మరోవైపు, పన్నెండేళ్ళలోపు బిడ్డకు మేలు చేసే వుద్దేశంతో సంరక్షకుని సమ్మతిపై చేసిన పనికి 1860 నాటి శిక్షాస్మృతి 89వ సెక్షను రక్షణ ఇచ్చింది. 2024లో ఆ స్మృతి పోయి న్యాయ సంహిత వచ్చినా యీ రక్షణ మాత్రం పోలేదు. వొక చట్టం వద్దన్న బెత్తానికి మరొక చట్టం చాటు ఇస్తున్నది.

యీ మాటలన్నీ బడిపంతులును దోషిగా నిలబెట్టటానికి కాదు. నేనూ పాఠం చెప్పి బతికేవాణ్ణే. విద్యాహక్కు చట్టం ప్రకారమే, అరవైమంది దాకా పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు చాలు. తరగతులు అయిదు. వొకరు సెలవు పెడితే అయిదు తరగతులూ మిగిలినవారి నెత్తినే పడతాయి. అక్కడ నిశ్శబ్దాన్ని సంపాదించటానికి అందుబాటులో వున్న చవక సాధనం బెత్తం. నియమించని ఉపాధ్యాయుని జీతాన్ని ప్రభుత్వం మిగుల్చుకుంటుంది. ఆ మిగులుకు మూల్యం పిల్లవాడు చెల్లిస్తాడు. కనుక పిల్లల రక్షణ కోరేవారు ఉపాధ్యాయుల సంఖ్యను గురించి మాట్లాడకపోతే అది వుత్త నీతిబోధగానే మిగిలిపోతుంది.

దూరం సంగతీ అంతే. 2022లో రాష్ట్ర ప్రభుత్వం 117వ నంబరు ఉత్తర్వుతో మూడు, నాలుగు, అయిదు తరగతులను వున్నత పాఠశాలలకు తరలించసాగింది. 2025లో దాన్ని రద్దు చేశారు. కాని బడి దూరమయితే ఏమవుతుందో డెల్టాలో మనకు ముందే తెలుసు. 2018 జూలై 14న పశువుల్లంక దగ్గర గౌతమి పాయలో నాటుపడవ మునిగింది. అది తగిలింది కట్టడం పూర్తికాని వంతెన స్తంభానికి. ఆ రోజు రెండో శనివారం. బడికి పోయి ఇంటికి తిరిగి వస్తున్న పిల్లలు అందులో వున్నారు. గల్లంతయినవారిలో యెక్కువమంది ఆ పిల్లలే. బెత్తం పట్టని బడికయినా గోదావరి దాటే పోవలసిన పిల్లకు రక్షణ గేటు దగ్గర మొదలు కాదు, రేవు దగ్గర మొదలవుతుంది.

విద్యార్థి మిత్రులనూ, ఉపాధ్యాయులనూ నేను కోరేది యీ నాలుగు పనులు. విద్యాహక్కు చట్టం కింద ఏర్పడే పాఠశాల యాజమాన్య కమిటీలో మూడు వంతుల మంది తల్లిదండ్రులే వుండాలి. మీ వూరి బడికి పోయి, 17వ సెక్షనును తెలుగులో వారికి చదివి వినిపించండి. 1098 నంబరు గోడమీద పిల్లలకు కనపడేటట్టు రాయించండి. తరగతికొక ఉపాధ్యాయుడు కావాలన్న డిమాండును మీ సంఘాల తీర్మానాలలో జీతభత్యాల సరసన చేర్చండి. దెబ్బలను మెచ్చుకునే స్మృతి గ్రంథం సమీక్షకు వస్తే, ఆ పుటను చూసీ చూడనట్టు పోనివ్వకండి; రచయితతో పాటు అదే బల్లమీద కూర్చుని మధ్యలో బడి మానేసినవాడు ఏమయ్యాడని అడగండి.