పచ్చగా ఉన్నదంతా అడవి కాదు

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మద్దతు ధర గురించి రాయకుండా శ్రీలంక కప్పల గురించి రాస్తున్నాడేంటి అనుకోకండి. ఇది కూడా భూమి సంగతే, చిన్న రైతు సంగతే.

మన ఇళ్ళల్లో నీళ్ళ తొట్టి దగ్గర, బాత్రూం గోడ మీద గోధుమ రంగు కప్ప అతుక్కుని కూర్చుంటుంది చూడండి, అది చెట్టు కప్ప. వానలు పడగానే నీళ్ళ పైన కొమ్మకో గోడకో నురగ గూడు కట్టి గుడ్లు పెడుతుంది. పిల్లలు తోకలతో నీళ్ళలోకి జారి అక్కడే పెరుగుతాయి. దానికి ఒక కుంటో తొట్టో ఉంటే చాలు, ఊళ్ళో కూడా బతికేస్తుంది.

శ్రీలంక అడవుల్లో ఉండే చిన్న చెట్టు కప్పలు అలా కాదు. అందులో డెబ్బైకి పైగా రకాలున్నాయి, ఆ దీవి దాటితే అవి ఇంకెక్కడా లేవు. గుడ్ల కోసం చెరువుకి పోవు. చాలా రకాల్లో ఆడకప్ప తడి నేలలో చిన్న గుంట చేసి, గుడ్లు పెట్టి, మట్టితో కలిపి వదిలేస్తుంది. తోక దశంతా గుడ్డులోనే గడిచిపోయి బుల్లి కప్పే బయటికొస్తుంది. పైన నీడ, కింద రాలిన ఆకు, నేలలో చెమ్మ. ఈ మూడిట్లో ఏది పోయినా గుడ్డు ఎండిపోతుంది.

ఇంగ్లీషు వాళ్ళు 1815లో కాండీ రాజ్యాన్ని పట్టుకున్నాక కొండల మీద అడవి నరికి కాఫీ వేశారు. 1869లో కాఫీకి ఆకు తుప్పు తెగులు తగిలింది. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి తోటలు పోయాయి. ఒకే పంట మీద కొండలన్నీ పెడితే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. తర్వాత తేయాకు వచ్చింది, పల్లంలో రబ్బరు వచ్చింది. దూరం నుంచి చూస్తే తేయాకు కొండ అడవి కన్నా పచ్చగా ఉంటుంది. కానీ కత్తిరించిన పొదల మధ్య ఎండ నేలకి తగులుతుంది, చెమ్మ నిలవదు. పదిహేనుకి పైగా రకాల కప్పలు ఇక లేవని తేల్చారు. ఒక రకాన్ని 1853లో చూసి రాశారు, ఆ తర్వాత ఎవరికీ కనపడలేదు. అది 2009లో శ్రీపాద కొండ అడవిలో మళ్ళీ దొరికింది. ఎందుకు దొరికింది? ఆ ముక్క అడవి నరక్కుండా మిగిలింది కాబట్టి. సింహరాజ అడవిలో కూడా 1970లలో ప్లైవుడ్ కోసం చెట్లు కొడుతుంటే జనం గొడవ చేసి ఆపించారు. 1988లో అది ప్రపంచ వారసత్వ స్థలమైంది.

"కప్ప కోసం రైతు కడుపు మాడ్చుకోవాలా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఇవాళ శ్రీలంక తేయాకులో సగానికి పైగా చిన్న రైతుల దగ్గర్నుంచే వస్తుంది. అడవి నరికి లాభం తీసుకుంది పెద్ద ఎస్టేట్లు, అడవి అంచున ఎకరం అరెకరం పెట్టుకుని బతికేది వీళ్ళు. కాపాడే భారమంతా వీళ్ళ నెత్తిన వేస్తే నేను ఒప్పుకోను. వాగు గట్టున పది గజాలు వదలమంటే, ఆ పది గజాల పంటకి డబ్బు ప్రభుత్వమే కట్టాలి. అదే సమయంలో మిగిలిన అడవి ముక్కలో మాత్రం ఎవరినీ, ఎంత పెద్దవాడినైనా, గొడ్డలి పట్టనివ్వకూడదు. నరికాక మొక్కలు నాటొచ్చు. వందేళ్ళ ఆకు రాలి తయారైన నేలని నాటలేం.

మన దగ్గర కూడా ఇదే లెక్క నడుస్తోంది. జామాయిల్ వరసలు వేసి పచ్చదనం పెరిగిందంటారు. జామాయిల్ పంట, తప్పులేదు, అమ్ముకోండి. దాన్ని అడవి అని మాత్రం అనొద్దు. వాగు పక్కన, గుట్ట కింద పాత చెట్లూ, పొదలూ, కుళ్ళిన ఆకూ ఉన్న ముక్క ఎక్కడైనా మిగిలి ఉంటే అదే అడవి. దాన్ని చదును చేసే ముందు ఊరంతా ఒకసారి కూర్చుని మాట్లాడుకోవాలని నా అభిప్రాయం.

మీ ఊళ్ళో అలాంటి ముక్క ఏదైనా మిగిలిందా? కింద రాయండి.