కొత్త వెర్షను రావచ్చు, పాత మాట పోరాదు

"కొత్త ఒక వింత, పాత ఒక రోత" అన్న సామెత కంప్యూటరు ప్రోగ్రాముల తయారీదారులలో కొందరికి చక్కగా వర్తిస్తుంది. కొత్త వెర్షను ఎక్కించేటప్పుడు పాతదానిని తుడిచివేయడం సహజమే. కాని వినియోగదారుడు తన అవసరానికి తగినట్లు వ్రాసుకొన్న అమరికలు కూడా దానితోపాటు కొట్టుకొనిపోతే, నిన్నటి వరకు తెరుచుకొన్న ఫైళ్ళు నేడు తెరుచుకోవు. అంతకన్నా ప్రమాదకరంగా, మూసి ఉంచిన తలుపు ఎవరికీ తెలియకుండా తెరుచుకోవచ్చు.

ప్రతి సర్వరు ప్రోగ్రాముకు కొన్ని డిఫాల్టులు ఉంటాయి. వినియోగదారుడు ఏమీ చెప్పనప్పుడు వర్తించే నియమాలివి. పెళ్ళివారు ప్రత్యేకంగా ఏమీ కోరకపోతే వంట ఆనవాయితీ ప్రకారం సాగుతుంది. "ఉల్లి వద్దు" అని వారు చెబితే ఆ మాటే చెల్లుతుంది. వంటవారు మారినంత మాత్రాన ఆ మాట చెల్లకుండా పోరాదు.

ఇందుకు ఆస్ట్రేలియాలో పుట్టిన సాంబా మంచి ఉదాహరణ. కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థిగా ఉన్న ఆండ్రూ ట్రిడ్జెల్ 1992లో దీని తొలి రూపాన్ని విడుదల చేశారు. లినక్స్, యూనిక్స్ యంత్రాలలోని ఫైళ్ళను విండోస్ కంప్యూటర్లు వాడుకొనేందుకు ఇది తోడ్పడుతుంది. దీని డిఫాల్టులు ప్రోగ్రాములోనే ఇమిడి ఉంటాయి. వినియోగదారుడు తాను మార్చదలచినవి మాత్రమే ఎస్‌ఎంబి.కాన్ఫ్ అనే ఫైలులో వ్రాస్తే చాలు.

ఈ పద్ధతి విలువ 2019లో విడుదలైన సాంబా 4.11 వెర్షనుతో తేటతెల్లమైంది. 2017లో వన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాము విండోస్‌లోని ఎస్‌ఎంబి1 లోపం ద్వారా దేశదేశాలకు వ్యాపించింది. కాలం చెల్లిన ఆ ఎస్‌ఎంబి1 పద్ధతిని సాంబా 4.11 డిఫాల్టుగా నిలిపివేసింది. ఫైలులో దాని ఊసే ఎత్తనివారికి కొత్త రక్షణ తనంతట తానే లభించింది. పాత యంత్రాల కోసం అది కావాలని స్పష్టంగా వ్రాసుకొన్నవారి మాట నిలిచింది. అయితే పాత డిఫాల్టులన్నింటినీ అనాలోచితంగా తమ ఫైలులోకి ఎత్తి వ్రాసుకొన్నవారికి మాత్రం కొత్త రక్షణ అందదు. అవసరంగా చెప్పినదేదో, అలవాటుగా వ్రాసినదేదో ప్రోగ్రాము ఎరుగదు కదా!

1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ లినక్స్‌లో మరొక మార్గం ఉంది. అందులో పాతగా వచ్చిన ఫైలు, వినియోగదారుని ఫైలు, కొత్తగా వచ్చిన ఫైలు పోల్చి చూడబడతాయి. వినియోగదారుడు ఏమీ మార్చకపోతే కొత్తది చేరుతుంది. ఇరువైపులా మార్పు జరిగి ఉంటే ప్రోగ్రాము ఆగి ప్రశ్నిస్తుంది. బదులుగా ఊరక ఎంటర్ నొక్కితే వినియోగదారుని ఫైలే నిలుస్తుంది. ఇది మర్యాదగల పద్ధతి. కాని వందల సర్వర్లు ఉన్నచోట ప్రతి ప్రశ్నకూ ఒక మనిషి కూర్చొని జవాబు చెప్పడం సాధ్యం కాదు. కనుక డిఫాల్టులను, సొంత అమరికలను మొదటినుండి వేరువేరు చోట్ల ఉంచడమే ఉత్తమం.

సిడ్నీ, మెల్‌బోర్న్ నగరాల తెలుగు కుటుంబాలలో ఈ వృత్తిలో ఉన్నవారు అనేకులు. ప్రోగ్రాములు తయారుచేసేవారు వినియోగదారుని ఫైలు జోలికి పోరాదు. డిఫాల్టు మార్చినప్పుడు ఆ సంగతి ముందుగా చాటాలి. సర్వర్లు నడిపేవారు తమకు నిజంగా అవసరమైన మార్పులే వ్రాసి, ప్రతిదాని పక్కన కారణాన్ని ఒక్క వాక్యంలో తెలపాలి. రేపు ఆ కుర్చీలో కూర్చొనేవారికి అంతకు మించిన ఉపకారం లేదు.