చిప్ కాదు, ముందు ఫిల్టర్ చూడండి

మాధవరం నుంచి ఆదోని మార్కెట్‌కు పత్తి బస్తాలతో వెళ్లే పికప్పు ఎత్తు ఎక్కలేక మొరాయిస్తే 'ఇంజను కంప్యూటర్‌కు చిప్ వేయిద్దాం, పవర్ పెరుగుతుంది' అనే సలహా ఉచితంగానే దొరుకుతుంది. వినకపోవడమే మేలు.

చిన్న బండి సంగతే చూడండి: 2005లో వచ్చిన తొలి టాటా ఏస్ ఇంజను 702 సీసీ, 16 హార్స్‌పవర్. పత్తి దుమ్ము, రేగడి ధూళి ఎయిర్ ఫిల్టర్‌ను మూసేస్తే అంత చిన్న ఇంజను ఏం లాగుతుంది? ఫిల్టర్ మార్చి, డీజిల్ ఫిల్టర్‌లో చేరిన నీరు వదిలేసి, ఇంజెక్టర్లు పరీక్ష చేయించి, టైర్లలో గాలి సరిచూస్తే పోయిన సత్తువ చాలావరకు తిరిగొస్తుంది. ఇక ఓవర్‌లోడు సంగతి వేరే చెప్పాలా!

పైగా చిప్ లాంటి మార్పులకు చట్టమూ అడ్డే: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ నిర్దేశించిన వివరాలను ఇష్టానుసారం మార్చనివ్వదు. 2019 సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.

బండి యజమానులు చిప్‌కు దాచిన డబ్బుతో ముందు సర్వీసు చేయించాలి.