చేతుల భాషకూ హక్కులున్నాయి

మైనారిటీ అనగానే మతమే స్ఫురిస్తుంది. రాజ్యాంగంలోని 29వ అధికరణం మాత్రం తమదైన భాష, లిపి, సంస్కృతి గల ఏ పౌర సమూహానికైనా వాటిని కాపాడుకునే హక్కు ఉందంటుంది. ఉర్దూ కోసం ఈ అధికరణాన్ని పదేపదే ఉటంకించే మేము, బధిరుల సంజ్ఞాభాషకూ అది వర్తించాలని కోరుతున్నాము. 2011 జనగణన ప్రకారం దేశంలో వినికిడి లోపం గలవారు 50 లక్షలకు పైమాటే.

సంజ్ఞాభాష అంటే వేళ్లతో అక్షరాలు చూపడమేనన్న అపోహ బలంగా ఉంది. వేళ్ల అక్షరాలు పేర్లకూ, ఊళ్లకూ, సంజ్ఞ లేని మాటలకూ పనికివచ్చే ఉపకరణం మాత్రమే. అసలు భాష వేరు. భారతీయ సంజ్ఞాభాషలో ‘ఏమిటి’, ‘ఎక్కడ’ వంటి ప్రశ్నలు వాక్యం చివరకు వస్తాయి. కనుబొమల కదలిక సైతం వ్యాకరణమే. ఇది తెలుగుకో హిందీకో నకలు కాదు. పైగా ఇక్కడ వాడుకలో ఉన్న రెండు చేతుల వర్ణమాల ఇంగ్లీషుది. ఇంట ఉర్దూ, బడిలో తెలుగు ఉన్న బధిర బాలిక తన పేరును మూడో భాష అక్షరాలలో చెప్పుకోవాలి!

1880 నాటి మిలాన్ సదస్సు బధిరుల చదువులో సంజ్ఞల కంటే నోటి మాటే మేలని తీర్మానించింది. ఆ నీడ ఇంకా తొలగలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సంజ్ఞాభాషను భావవినిమయ సాధనంగా పేర్కొన్నా, ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దానికి చోటు లేదు.

ఆ చోటు కల్పించవలసినది పార్లమెంటు. ఉపాధ్యాయులకు ఈ భాష నేర్పించవలసినవి రాష్ట్ర ప్రభుత్వాలు. జుమా బయాన్ వేళ వక్త పక్కన ఒక సంజ్ఞానువాదకుణ్ణి నిలబెట్టడానికి మాత్రం మన మసీదు కమిటీలు ఎవరి ఉత్తర్వుల కోసమూ ఎదురుచూడనక్కరలేదు.