బూడిదలో అందం వెతికేవాళ్లకు

'అషితా నో జో' మాంగా చివరి బొమ్మ మనలో చాలామందికి తెలుసు. రింగు మూలన స్టూలు మీద తల వాల్చి, పెదాల మీద చిన్న నవ్వుతో జో. ఒంట్లో రంగంతా కారిపోయి తెల్లగా మిగిలిన మనిషి. గొప్ప బొమ్మే. నా పేచీ దాని చుట్టూ మనం అల్లుకున్న వేదాంతంతో. జపాన్ బాక్సర్ అంటే తనని తాను కాల్చుకునేవాడనీ, ఆ కాలిపోవడంలోనే అతని గొప్పతనం ఉందనీ మనం మురిసిపోతుంటాం. ఒకడి మెదడులో రక్తం కారడాన్ని అందంగా చూడటానికి మనకి సాహిత్యం దొరికింది, అంతే.

అసలు ఆ మాంగా ఏం చెప్పింది? చిత్రకారుడు టెట్సుయా చిబా మొదట్లో రికిఇషిని జో కంటే బాగా ఎత్తుగా గీసేశాడు. ఇద్దరినీ ఒకే బరువులో తలపడేలా చెయ్యాలంటే రికిఇషి ఒళ్లు తగ్గించుకోవాలి. అందుకని కథలో అతను తిండీ నీళ్లూ మానేసి ఎండిపోతాడు. ఫైట్ గెలుస్తాడు, చచ్చిపోతాడు. 1970 మార్చిలో కవి షూజి తెరయామా పూనుకుని ఆ పాత్రకి నిజంగానే అంత్యక్రియలు జరిపించాడు. వందలమంది వచ్చారు. ఎండబెట్టిన ఒళ్లు దెబ్బకి ఆగదని కథ చెప్తే, పాఠకులు అందులో త్యాగాన్ని చదువుకున్నారు.

ఇక నిజం మనుషుల సంగతి. 2025 ఆగస్టు 2న టోక్యోలోని కొరాకుయెన్ హాల్లో ఒకే రాత్రి ఇద్దరు ఫైట్ చేశారు. షిగెతోషి కోటారి పన్నెండు రౌండ్లూ నిలబడి డ్రా చేసుకున్నాడు. హిరోమసా ఉరకవా ఎనిమిదో రౌండులో ఓడిపోయాడు. ఇద్దరికీ పుర్రెకీ మెదడుకీ మధ్య రక్తం గడ్డకట్టింది, ఇద్దరికీ ఆపరేషన్ చేశారు. ఒకరు 8న, ఇంకొకరు 9న చనిపోయారు. ఇద్దరి వయసూ 28. అంతకుముందు, 2023 డిసెంబర్ 26న నవోయా ఇనోయే ఫైట్ జరిగిన రాత్రే అదే కార్డులో ఆడి కుప్పకూలిన కజుకి అనగుచి మరుసటి ఫిబ్రవరిలో పోయాడు. అతనికి 23.

"వాళ్లు ఇష్టపడే దిగారు కదా" అంటారు. దిగారు, నిజమే. కానీ అక్కడ కింది మెట్టు బాక్సర్ పగలు ఇంకో ఉద్యోగం చేసుకుంటాడు. ఫైట్ డబ్బులు చాలాసార్లు టికెట్ల రూపంలోనే చేతికొస్తాయి, తెలిసినవాళ్లకి అమ్ముకుంటేనే డబ్బు. తను పిలిచి టికెట్ అమ్మిన స్నేహితులు ఎదురుగా కూర్చుని చూస్తుంటే ఎవడు చెయ్యెత్తి "ఇక చాలు" అంటాడు? అందుకే ఆపే బాధ్యత వాడిది కాకూడదు. రిఫరీది, డాక్టర్‌ది, మూలన తువ్వాలు పట్టుకున్న ట్రైనర్‌ది.

"జపాన్‌లో రూల్స్ చాలా గట్టివి" అని ఇంకో మాట. అదీ నిజమే. మెదడులో రక్తస్రావమైతే అక్కడ లైసెన్సు పోయినట్టే. కానీ ఆ రూలు పనిచేసేది రక్తం కారాక. ఆగస్టు మరణాల తర్వాతే జపాన్ కమిషన్ ఓరియంటల్ పసిఫిక్ టైటిల్ ఫైట్లని పన్నెండు రౌండ్ల నుంచి పదికి తగ్గించింది. 1982లో కొరియా బాక్సర్ డూక్ కూ కిమ్ చనిపోయాకే ప్రపంచ టైటిల్ ఫైట్లు పదిహేను నుంచి పన్నెండుకి దిగాయి. ఈ ఆటలో రౌండ్లు తగ్గాలంటే ముందు ఒక శవం లేవాలి. మనం దానికి 'పోరాట స్ఫూర్తి' అని పేరు పెట్టి చప్పట్లు కొడతాం.

పోనీ, ఆ కాలిపోవడమే ఛాంపియన్లని తయారు చేసిందా? 1952లో జపాన్‌కి మొదటి ప్రపంచ టైటిల్ తెచ్చిన యోషియో షిరాయిని తీర్చిదిద్దింది ఆల్విన్ కాన్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త. యుద్ధం తర్వాత తిండికి కరువైన ఊళ్లో షిరాయికి కడుపునిండా తిండి పెట్టాడు. దెబ్బ తినకుండా కొట్టడం నేర్పించాడు. ఇనోయే సంగతీ అంతే. 2014లో లైట్ ఫ్లైవెయిట్ టైటిల్ గెలిచిన రోజు, బరువు దించుకున్న ఒంట్లో కాలు పట్టేసింది. అక్కడే ఉండి ఇంకా ఎండిపోలేదు. ఆ ఏడాది చివరికే ఆ టైటిల్ వదిలేసి రెండు మెట్లు పైకెళ్లాడు. అప్పటిదాకా ఎవరికీ పడని ఒమర్ నర్వాయెజ్‌ని రెండు రౌండ్లలో పడగొట్టాడు. తర్వాత రెండు బరువుల్లో నాలుగేసి బెల్టులూ తనవే. జపాన్ చూసిన అత్యుత్తమ బాక్సర్ కథలో మలుపు, కడుపు మాడ్చుకోవడం ఆపిన చోట ఉంది. దాని మీద మాత్రం ఎవరూ కవిత్వం రాయరు.

కాలిపోయినవాళ్ల మీద రాసింది చాలు. ఆరో రౌండులో తువ్వాలు విసిరేసి, హాలంతా తిట్టిపోస్తున్నా తన కుర్రాణ్ణి నడిపించుకుంటూ ఇంటికి తీసుకెళ్లిన ట్రైనర్ మీద ఒక్క కవిత రాయండి. ఆ కుర్రాడు మర్నాడు పొద్దున లేచి టిఫిన్ తినడమే దానికి ముగింపు.