హార్మోను సూదికి భయమెందుకు?

ప్రోస్టేటు గ్రంథికి క్యాన్సరు సోకిన పెద్దవారికి మగ హార్మోనును అణచే సూదిమందు నెలకో, మూడు నెలలకో ఒకసారి వేస్తారు. లూప్రొలైడ్, గోసెరెలిన్ ఈ కోవలోవే. ఆ సూది పడితే వ్యాధి నిరోధక శక్తి హరించుకుపోతుందని, చిన్న జ్వరానికే మంచం పట్టాల్సి వస్తుందని జంకేవారున్నారు. రెండు సూదులు వేయించుకుని మూడోదానికి పట్నం పోనివారూ లేకపోలేదు.

శాస్త్రం చెప్పేది దాదాపు ఇందుకు విరుద్ధం. రొమ్ము ఎముక వెనుక థైమస్ అనే గ్రంథి ఉంది. రోగాలతో పోరాడే తెల్లకణాల్లో టి కణాలు అక్కడే తయారవుతాయి. ఈడు వచ్చి హార్మోన్లు పెరిగేకొద్దీ ఆ గ్రంథి కుంచించుకుపోతుంది. విత్తు కొట్టిన ఎద్దులో అది ఆంబోతులో కంటె ఎక్కువ కాలం నిలుస్తుందని హెండర్సన్ 1904లోనే రాశాడు. ఎద్దు గుణం రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు గాని, దాని రొమ్ములోని గ్రంథిని ఎవరు చూడొచ్చారు! హార్మోనును అణచే మందు వాడిన ప్రోస్టేటు క్యాన్సరు రోగుల రక్తంలో కొత్త టి కణాలు పెరిగినట్లు ఆస్ట్రేలియా పరిశోధకులు 2005లో ప్రకటించారు. అంతమాత్రాన ఇది బలం మందు కాదు. దీనివల్ల అంటురోగాలు రావని రుజువు కాలేదు.

భయానికి మూలం వేరే ఉంది. తెల్లకణాలను పడగొట్టేది కీమోథెరపీ. ఆ రోజుల్లో జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేరాల్సిందే. అబిరాటిరోన్ మాత్రలతో కలిపి ఇచ్చే ప్రెడ్నిసొలోన్ కూడా నిరోధక శక్తిని కొంత తగ్గించవచ్చు. పల్లెలో అన్నిటికీ 'క్యాన్సరు మందు' అనే ఒకే పేరు. ఒకదాని పాపం ఇంకొకదానికి చుట్టుకుంటోంది.

అసలు భయపడాల్సిన వాటిని మాత్రం ఎవరూ తలచరు. ఈ సూదితో ఎముకలు గుల్లబారతాయి, కండ తగ్గుతుంది, ఒంట్లో ఆవిర్లు వస్తాయి, షుగరు పెరగవచ్చు. గట్టు మీద కాలు జారితే తుంటి ఎముక విరిగే వయసు అది. మొదటి సూదికి హార్మోను కొద్దిరోజులు పెరిగి తర్వాత తగ్గుతుంది కనుక ముందుగా మాత్రలు ఇస్తారు. మాటిమాటికీ పట్నం పోలేనివారికి వృషణాలు తీసే చిన్న ఆపరేషన్ కూడా ఉంది. సిగ్గుతో రోగి అడగడు, తీరిక లేక డాక్టరు చెప్పడు.

వేసిన మందు పేరు, మళ్లీ రావాల్సిన తేదీ, ఎముకలకు తీసుకోవాల్సిన జాగ్రత్త తెలుగులో ఒక చీటీ మీద రాసి రోగి చేతికివ్వడం ఏ ఆసుపత్రికీ భారం కాదు. జిల్లా వైద్యాధికారులు ఈ పని వెంటనే చేయించాలి.