తర్రెం ముందు దోషులం

ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లాలో బాసగూడ నుంచి జగర్‌గుండ వైపు వెళ్లే దారిలో తర్రెం ఒక చిన్న ఊరు. 2021 ఏప్రిల్ 2 రాత్రి అక్కడి క్యాంపు నుంచి, ఉసూరు, పామేడు వంటి మరికొన్ని క్యాంపుల నుంచి దాదాపు రెండు వేల మంది జవాన్లు కూంబింగుకు బయలుదేరారు. మర్నాడు టేకులగూడ, జోనాగూడ దగ్గర మావోయిస్టులు కొన్ని దళాలను మూడు వైపుల నుంచి చుట్టుముట్టారు. 22 మంది జవాన్లు చనిపోయారు, 31 మంది గాయపడ్డారు. మృతదేహాల్లో ఎక్కువ భాగం ఏప్రిల్ 4న గానీ అడవిలో నుంచి బయటికి రాలేదు. రాకేశ్వర్ సింగ్ మన్హాస్ అనే సీఆర్పీఎఫ్ కోబ్రా దళం జవాను మావోయిస్టుల చేతికి చిక్కాడు.

చనిపోయిన వాళ్లలో ఇద్దరు మనవాళ్లు. విజయనగరానికి చెందిన రౌతు జగదీష్, అప్పటి గుంటూరు జిల్లాకు చెందిన శాఖమూరి మురళీకృష్ణ. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి 30 లక్షల రూపాయలు ప్రకటించింది. పత్రికలు ఫొటోలు వేశాయి. ఏప్రిల్ 8న రాకేశ్వర్ సింగ్ విడుదలయ్యాడు. 9న ‘వకీల్ సాబ్’ వచ్చింది, ఆ సాయంత్రమే ఐపీఎల్ మొదలైంది. 17న తిరుపతి, నాగార్జునసాగర్ ఉప ఎన్నికలు. కరోనా రెండో విడత అప్పటికే ముంచుకొస్తోంది. వారం తిరిగేసరికి తర్రెం మన నోట లేదు. ఆ ఇద్దరి పేర్లు ఇవాళ వాళ్ల జిల్లాల్లో నలుగురిని అడిగితే ఎందరు చెప్పగలరు? తెలుగులో చదివే వాళ్లం, రాసే వాళ్లం, సభల్లో మాట్లాడే వాళ్లం అందరం కలిసి చేసిన తప్పు ఇది. దీన్ని ఒప్పుకోవాలి.

ఇది ఎక్కడో ఎవరిదో యుద్ధం అనుకునే వీలు మనకు లేదు. 1980లో పీపుల్స్‌వార్ దళాలు గోదావరి దాటి దండకారణ్యంలోకి వెళ్లింది మన నేల నుంచే. 2025 మే 21న నారాయణపూర్ అడవుల్లో చనిపోయిన మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావుది శ్రీకాకుళం జిల్లా జియ్యన్నపేట. తర్రెం దాడికి సూత్రధారిగా పోలీసులు చెప్పిన హిడ్మా అదే ఏడాది నవంబరు 18న చనిపోయింది మన మారేడుమిల్లి అడవిలో. వాళ్లను ఎదుర్కొనే పద్ధతీ మన దగ్గర పుట్టిందే. గ్రేహౌండ్స్ పోలీసు దళం 1989లో హైదరాబాదులో మొదలైంది. 2008లో సీఆర్పీఎఫ్ కోబ్రా దళాన్ని పెట్టినప్పుడు ముందున్న నమూనా అదే. యుద్ధం చేసే విద్య రెండు పక్షాలకూ తెలుగు నేల నుంచే వెళ్లింది. చావులు మాత్రం ఎక్కువగా బస్తర్ ఆదివాసీల వాటాకు, బీద రైతుల ఇళ్ల నుంచి ఉద్యోగానికి వచ్చిన జవాన్ల వాటాకు పోయాయి.

మనం ఆ యుద్ధం మీద నలభై ఏళ్లుగా వాదించుకుంటున్నాం. వాదించుకోవడం తప్పు కాదు. ఆ వాదనలో జవానుకు మనిషిగా చోటివ్వకపోవడం తప్పు.

విప్లవాన్ని అభిమానించే మనం అడవిలో చనిపోయిన అజ్ఞాతవాసి కోసం ఎలిజీలు రాశాం, సంస్మరణ సంచికలు తెచ్చాం, మృతదేహాన్ని ఇంటికి చేర్చడానికి కోర్టుల చుట్టూ తిరిగాం. అందులో మానవత్వం ఉంది, దాన్ని తక్కువ చేయనక్కర లేదు. అదే అడవిలో, అదే రోజు చనిపోయిన జవాను దగ్గరికి వచ్చేసరికి మన కలం ఆగిపోయింది. ‘జీతం కోసం వెళ్లాడు’ అన్నాం. వర్గ దృష్టి గురించి అంత చెప్పిన వాళ్లం, పదో తరగతో ఇంటరో చదివి, చెల్లి పెళ్లికో తండ్రి అప్పుకో జీతం కావలసి కానిస్టేబుల్ పరీక్ష రాసిన కుర్రాడు ఏ వర్గం వాడో అడగలేదు.

దేశభక్తి చాటుకునే మనం చేసింది ఇంకో తప్పు. శవపేటిక ఊళ్లోకి వచ్చిన రోజు మోటారు సైకిళ్ల మీద జెండాలు కట్టుకుని తిరిగాం. కూడలిలో ఫ్లెక్సీ కట్టాం. ఆ చావును పట్టుకుని, అడవిలో జరిగిన తప్పుల గురించి ప్రశ్న వేసిన ప్రతివాడి నోరూ మూయించాం. మూడో రోజుకు జెండా మడిచేశాం. బతికున్న జవానుకు సెలవు దొరుకుతోందా, అతని పింఛను ఏమైంది, క్యాంపులో మలేరియా వస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు అని ఒక్క ఎంపీనీ నిలదీయలేదు.

ఈ రెండు శిబిరాల్లోనూ లేని వాళ్లం మనలో ఎక్కువ. ‘మనకెందుకొచ్చిన గొడవ’ అని పక్కకు తప్పుకున్నాం. మన నిర్లక్ష్యమే అందరికంటే పెద్దది.

తర్రెం దారిలో మూడు పేర్లు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. బాసగూడ పక్కనే సార్కేగూడ. 2012 జూన్ 28 రాత్రి అక్కడ బలగాల కాల్పుల్లో 17 మంది గ్రామస్తులు చనిపోయారు. వాళ్లలో మైనర్లూ ఉన్నారు. వాళ్లు మావోయిస్టులని చెప్పడానికి ఆధారం లేదని 2019లో బయటికి వచ్చిన జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ నివేదిక తేల్చింది. ఆ తర్వాత తర్రెం, అంటే 22 మంది జవాన్లు. తర్రెం దాటితే సిల్గేర్. 2021 మే 17న, తర్రెం దాడి జరిగిన ఆరు వారాలకు, కొత్త క్యాంపు వద్దంటూ వచ్చిన జనం మీద కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. చనిపోయింది మావోయిస్టులని పోలీసులు అన్నారు, మా ఊరి వాళ్లని గ్రామస్తులు అన్నారు. ఏడాదికి పైగా ఆ రోడ్డు మీదే జనం ధర్నాకు కూర్చున్నారు.

ఒకే దారి మీద ఉన్న ఈ మూడు పేర్లను కలిపి పలికిన సభ తెలుగులో ఎన్నిసార్లు జరిగింది? సార్కేగూడ గురించి మాట్లాడే వాళ్లు తర్రెం దగ్గర మౌనం వహించారు. తర్రెం గురించి ఆవేశపడిన వాళ్లు సిల్గేర్ పేరే వినలేదు. ఒకరి శోకాన్ని గుర్తిస్తే రెండోవారి పక్షం వదిలేసినట్టే అన్న భయం మనల్ని పట్టుకుంది. ఆ భయంతోనే సగం శవాల దగ్గరికి మనం వెళ్లలేదు.

ఆ 22 మందిలో ఎనిమిది మంది సీఆర్పీఎఫ్ వాళ్లు, ఆరుగురు రాష్ట్ర పోలీసుల ఎస్టీఎఫ్, ఎనిమిది మంది డీఆర్‌జీ. డీఆర్‌జీ అంటే స్థానిక బస్తర్ యువకుల దళం. లొంగిపోయిన మావోయిస్టులూ అందులో ఉంటారు. గోండీ మాట్లాడతారు, కాలిబాటలు తెలుసు, అందుకే ముందు వాళ్లనే నడిపిస్తారు. అవతల తుపాకీ పట్టుకున్నవాడు తన ఊరి వాడో, మేనమామ కొడుకో అయ్యే అవకాశం ఉంటుంది. 2025 జనవరి 6న బీజాపూర్ జిల్లా అంబేలి దగ్గర మందుపాతర పేలి చనిపోయిన ఎనిమిది మంది జవాన్లలో డీఆర్‌జీ వాళ్లున్నారు. వాళ్లతో పాటు వాహనం నడుపుతున్న డ్రైవరూ పోయాడు. ఆదివాసీ మీద ప్రేమ ఉందని చెప్పుకునే వాళ్లం యూనిఫాం వేసుకున్న ఆదివాసీని లెక్కలోంచి తీసేశాం. జవాను మీద ప్రేమ ఉందని చెప్పుకునే వాళ్లం ఆ జవాను తల్లి గోండీలో ఏడుస్తుందని ఎప్పుడూ తలచుకోలేదు.

తూటాకు పోయిన వాళ్లనే మరచిపోయాం, ఇక తూటా లేకుండా పోయే వాళ్ల మాట చెప్పనక్కర లేదు. ఐదేళ్లలో కేంద్ర సాయుధ పోలీసు బలగాలు, ఎన్‌ఎస్‌జీ, అస్సాం రైఫిల్స్ కలిపి 730 మంది ఆత్మహత్య చేసుకున్నారని, 55 వేల మందికి పైగా రాజీనామా చేశారని లేదా స్వచ్ఛంద విరమణ తీసుకున్నారని 2024 డిసెంబరులో కేంద్ర హోంశాఖ రాజ్యసభకు చెప్పింది. ఆత్మహత్యల్లో ఎక్కువ భాగం సెలవు నుంచి తిరిగి వచ్చాక జరుగుతున్నవేనని ప్రభుత్వం వేసిన బృందమే గుర్తించింది. అంటే ఆ మనిషి మన ఊరికి వచ్చాడు, మన మధ్య కొన్నాళ్లు తిరిగాడు, మనసులో బరువు దించుకోకుండానే రైలెక్కాడు. మనం ‘ఎప్పుడొచ్చావు, ఎప్పుడెళ్తావు’ అన్న రెండు ప్రశ్నలు దాటి అడగలేదు. ప్రతి జవానూ ఏడాదికి వంద రోజులు కుటుంబంతో గడిపేలా చూస్తామని ప్రభుత్వం 2019లో మాట ఇచ్చింది. దాదాపు పది లక్షల బలగంలో అది ఏటా కొద్ది వేల మందికే అందింది. 2004 జనవరి 1 తర్వాత చేరిన సీఆర్పీఎఫ్ జవానుకు సైనికుడికి ఉన్న పాత పింఛను లేదు. ఇవ్వాల్సిందేనని 2023 జనవరిలో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెబితే, కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకుంది. ఇది తెలుగు టీవీల్లో ఎన్ని చర్చలకు విషయమైంది?

2021 నవంబరు 8 తెల్లవారుజామున సుక్మా జిల్లా మరాయిగూడ క్యాంపులో ఒక సీఆర్పీఎఫ్ జవాను తోటి జవాన్ల మీదే కాల్పులు జరిపాడు. నలుగురు చనిపోయారు. గాయపడిన వాళ్లను తెచ్చింది మన భద్రాచలం ఆసుపత్రికి. పామేడు క్యాంపుకు చాలా ఏళ్లు దారి మన చర్ల మీదుగానే. మిరప కోతలకు అటు పల్లెల నుంచి కూలీలు మన చేలకే వస్తారు. యుద్ధం ఇంత దగ్గరలో ఉంది. అంత దగ్గరలో ఉన్న మనిషి మాత్రం మనకు దూరమయ్యాడు.

మామూలు మనుషులు ఏమీ చేయలేరు అనే సాకు కూడా మనకు చెల్లదు. రాకేశ్వర్ సింగ్‌ను తీసుకురావడానికి తర్రెం దాటి అడవిలోకి వెళ్లింది బలగాలు కావు. 91 ఏళ్ల పద్మశ్రీ ధర్మపాల్ సైనీ వెళ్లారు. గోండ్వానా సమాజ్ పెద్ద తెలం బోరయ్య వెళ్లారు. బస్తర్ విలేఖరులు వెళ్లారు. వందల మంది గ్రామస్తుల ముందు ఆ జవాను చేతులకు కట్టిన తాడు విప్పించి, వెంటబెట్టుకుని తర్రెం క్యాంపులో అప్పగించారు. మావోయిస్టులను సమర్థించీ వెళ్లలేదు, సర్కారును సమర్థించీ వెళ్లలేదు. ఒక మనిషి ఇంటికి చేరాలని వెళ్లారు. ఆ విలేఖరుల్లో ఒకరైన ముకేశ్ చంద్రాకర్ 2025 జనవరిలో బీజాపూర్‌లో హత్యకు గురయ్యాడు. సెప్టిక్ ట్యాంకులో దొరికింది అతని శవం. రోడ్డు పనుల్లో అవినీతి బయటపెట్టినందుకే చంపారని దర్యాప్తులో తేలింది. అతన్నీ మనం వారం రోజులే తలచుకున్నాం.

యుద్ధం తప్పని నమ్మేవాడు ఆ నమ్మకం వదులుకోనక్కర లేదు. యుద్ధం అవసరమని నమ్మేవాడూ వదులుకోనక్కర లేదు. జవానును తలచుకోవడానికి ఆ రెండూ అడ్డం కావు. యుద్ధాన్ని ప్రశ్నించేవాడికి జవాను ప్రాణం విలువ ఇంకా బాగా తెలియాలి. ఎందుకంటే ఆ ప్రాణం అనవసరంగా పోతోందన్నదే అతని వాదన. యుద్ధాన్ని సమర్థించేవాడికి జవాను బాగోగులు ఇంకా బాగా పట్టాలి. ఎందుకంటే అతన్ని పంపమన్నది తానే.

ఇకనైనా చేయాల్సిన పనులు చిన్నవే. అక్టోబరు 21న ప్రతి జిల్లా కేంద్రంలో పోలీసు అమరవీరుల దినం జరుగుతుంది. అక్కడ పోలీసులూ కుటుంబాలూ తప్ప ఎవరూ ఉండరు. మనం వెళ్దాం. రచయితల సంఘాలు, గ్రంథాలయాలు, పాఠశాలలు ఏప్రిల్ 3న తర్రెంను, జూన్ 28న సార్కేగూడను, మే 17న సిల్గేర్‌ను ఒకే గౌరవంతో తలచుకునే సభ పెట్టాలి. మన ఎంపీని పింఛను గురించి, సెలవు గురించి, అడవి క్యాంపుల్లో వైద్యం గురించి రాతపూర్వకంగా అడగాలి. ఊరికి సెలవు మీద వచ్చిన జవాను ఇంటికి వెళ్లి, అతను చెప్పదలచుకున్నంత సేపు కూర్చుని వినాలి. అతను చెప్పేది మన పక్షానికి అనుకూలంగా లేకపోయినా వినాలి.

మావోయిస్టు ఉద్యమం ముగింపుకు వచ్చిందని ప్రభుత్వం చెబుతోంది. యుద్ధం ముగిసినా రౌతు జగదీష్, శాఖమూరి మురళీకృష్ణ తిరిగిరారు. వాళ్ల ఇళ్లు మాత్రం మన జిల్లాల్లోనే ఉన్నాయి. ఇన్నేళ్లుగా ఆ గుమ్మం తొక్కని తప్పు మనదే. దాన్ని దిద్దుకునే బాధ్యతా మనదే.